సీసా మీది పేరు, సీసాలోని ప్రొటీన్



ఇన్సులిన్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది ఫ్రిజ్ తలుపు అరలో నిలబెట్టిన చిన్న సీసా, భోజనానికి ముందు పొట్ట మీద చర్మం పట్టుకుని పొడుచుకునే సూది. షుగరు జబ్బు ఎన్నడూ రాని వాడకందారులు కూడా ఇన్సులిన్‌కు ఉన్నారని చాలామందికి తెలియదు. వాళ్లు మనుషులు కారు. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో 37 డిగ్రీల వెచ్చదనంలో, ప్లాస్టిక్ పళ్లేలలో, ఎర్రటి పోషక ద్రవంలో పెరిగే కణాలు. వాటిలో చాలా రకాలు లవణాలు, గ్లూకోజు, విటమిన్లు ఎన్ని పోసినా ఇన్సులిన్ తగలందే సరిగా ఎదగవు. ఎలుక చర్మం కింది మామూలు కణాన్ని కొవ్వు కణంగా మార్చాలన్నా పరిశోధకులు కలిపే మందుల్లో ఇన్సులిన్ ఒకటి.

ఆ ఇన్సులిన్ ఇవాళ ఎక్కువగా బ్యాక్టీరియానో ఈస్టో తయారుచేసి పెట్టిందే. మనిషి జన్యువులో రాసి ఉన్న వివరాన్ని తీసుకెళ్లి ఒక సూక్ష్మజీవికి అప్పగిస్తే, అది తన సొంత ప్రొటీన్లతో పాటు మన ప్రొటీన్‌నూ తయారుచేస్తుంది. ఇలా పుట్టినవే రీకాంబినెంట్ ప్రొటీన్లు. ఇన్సులిన్ ఒక్కటే కాదు. ఆకలిని అదుపు చేసే లెప్టిన్, కొవ్వు కణాలు వదిలే ఎడిపోనెక్టిన్, కాలేయం నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్ 21, ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకపు ముక్కలు, ఇలాంటివి వందల రకాలు చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో తెల్లటి పొడిగా దొరుకుతాయి. బంగారాన్ని గ్రాముల్లో అమ్ముతారు, వీటిని మైక్రోగ్రాముల్లో. ప్రతి గొట్టం మీదా ఒక హెచ్చరిక ఉంటుంది: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

ఈ గొట్టాలు లేకపోతే ఇన్సులిన్ గురించీ, ఊబకాయం గురించీ మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం తెలిసేది కాదు. ఆ గొట్టం మీద రాసి ఉన్న పేరును నమ్మి మోసపోయిన సందర్భాలూ లేకపోలేదు. ఈ రెండూ కలిపి చెప్పుకోవలసిన కథ ఇది.

మొదట కబేళాల కాలం. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్ల్స్ బెస్ట్ కుక్కల క్లోమగ్రంథి నుంచి రసం తీసి షుగరు దిగుతుందని చూపించారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఆ రసాన్ని ఎక్కించారు. ఫలితం అంతంతమాత్రం. రసంలో మలినాలు ఎక్కువై ఒళ్లు తిరగబడింది. జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త అప్పటికే దాన్ని శుద్ధి చేసే పనిలో ఉన్నాడు. 12 రోజులకు, జనవరి 23న, కాలిప్ శుద్ధి చేసిన రసం ఎక్కించాకే కుర్రాడు కోలుకున్నాడు. నోబెల్ బహుమతి మాత్రం బాంటింగ్‌కూ, ఆ ప్రయోగశాల అధిపతి మెక్లియడ్‌కూ వెళ్లింది. కాలిప్ పేరు ఇవాళ క్విజ్ పోటీల్లో తప్ప వినపడదు. ఇన్సులిన్ చరిత్రలో శుద్ధి చేసినవాడికి దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

తర్వాత ఆరు దశాబ్దాలు ప్రపంచానికి ఇన్సులిన్ పందులూ ఆవులూ ఇచ్చినదే. అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీ లెక్క ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. 8 ఔన్సుల శుద్ధమైన ఇన్సులిన్, అంటే పావు కిలోకు కాస్త తక్కువ, తీయడానికి రెండు టన్నులకు పైగా పంది క్లోమాలు కావలసి వచ్చేవి.

రోగికి అది ప్రాణం నిలిపేది కాబట్టి చిన్నాచితకా లోపాలు ఎవరూ పట్టించుకోలేదు. ప్రయోగశాలలో సంగతి వేరు. తొలినాళ్లలో కొన్ని ఇన్సులిన్ సూదులు వేయగానే జంతువు రక్తంలో షుగరు మొదట కాస్త పెరిగి, ఆ తర్వాతే తగ్గేది. తగ్గించాల్సిన మందు పెంచడమేమిటి? 1923లో కింబల్, మర్లిన్ అనే ఇద్దరు దాని వెనక వేరే పదార్థం ఉందని గుర్తించి గ్లూకగాన్ అని పేరు పెట్టారు. అదీ క్లోమంలోనే పుడుతుంది. ఇన్సులిన్ చేసే పనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. దాన్ని శుద్ధంగా విడదీయడానికి 1953 దాకా పట్టింది. అంటే అప్పటివరకూ ఎందరో పరిశోధకులు ఇన్సులిన్ అనుకుని వాడినదాంట్లో దాని పగవాడు కూడా కొంత దాగి ఉన్నాడన్నమాట.

పరాయి జంతువు ప్రొటీన్ కావడం వల్ల మరో చిక్కు. మనిషి ఇన్సులిన్‌లో 51 ఎమైనో ఆమ్లాలు ఉంటాయి, ఒక గొలుసులో 21, రెండో దాంట్లో 30. ఈ వరుసను ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ పశువుల ఇన్సులిన్ మీద ఏళ్ల తరబడి పనిచేసి 1955 నాటికి పూర్తిగా తేల్చాడు, 1958లో నోబెల్ అందుకున్నాడు. మనిషికీ పందికీ ఒక్క చోట తేడా. మనిషికీ ఆవుకూ మూడు చోట్ల. ఆ కాస్త తేడాకే శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి ప్రతిరక్షకాలను తయారుచేస్తుందని న్యూయార్కులో రోజలిన్ యాలో, సోలొమన్ బెర్సన్ కనుక్కున్నారు. ఇంత చిన్న ప్రొటీన్‌కు ప్రతిరక్షకాలు పుట్టవని అప్పటి పండితుల నమ్మకం. పత్రిక వారు వ్యాసాన్ని తిప్పి పంపారు. యాలో ఆ తిరస్కార లేఖను భద్రంగా దాచుకుని 1977లో నోబెల్ ప్రసంగంలో అందరికీ చూపించింది. ఆ ప్రతిరక్షకాలనే పనిముట్టుగా మార్చి, రక్తంలో అతి సూక్ష్మంగా ఉండే ఇన్సులిన్‌ను కొలిచే రేడియో ఇమ్యునో పరీక్షను వాళ్లిద్దరూ తయారుచేశారు. చిక్కు లోంచే సాధనం పుట్టింది. బెర్సన్ 1972లోనే చనిపోవడం వల్ల ఆ బహుమతిలో పాలు పంచుకోలేకపోయాడు.

ఇక సూక్ష్మజీవుల వంతు. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను బ్యాక్టీరియాలోకి చేర్చి పెంచవచ్చని చూపించారు. వెంటనే అందరి కళ్లూ ఇన్సులిన్ మీద పడ్డాయి. 1976లో బోయర్, రాబర్ట్ స్వాన్సన్ కలిసి కాలిఫోర్నియాలో జెనెన్‌టెక్ అనే కంపెనీ పెట్టారు. పోటీకి హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్ బృందం ఉంది. అయితే ఆ రోజుల్లో జన్యువులు మార్చిన బ్యాక్టీరియా అంటే జనంలో భయం. హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జి నగర పాలక మండలి 1976లో ఈ ప్రయోగాలకు కొంతకాలం అడ్డుకట్ట కూడా వేసింది. మనిషి జన్యువుతో పనిచేయాలంటే ప్రాణాంతక క్రిములకు తీసుకునేంత కట్టుదిట్టం కావాలన్నారు. గిల్బర్ట్ బృందం 1978లో ఇంగ్లండులోని పోర్టన్ డౌన్‌కు, అంటే జీవాయుధాల పరిశోధనకు పేరుపడ్డ చోటికి, సామాను సర్దుకుని వెళ్లవలసి వచ్చింది. అంత శ్రమపడి చివరకు చూసుకుంటే చేతికొచ్చింది మనిషి ఇన్సులిన్ జన్యువు కాదు, ఎలుకది. అంతకుముందు వాళ్లు ఎలుక జన్యువుతోనే పనిచేశారు, ఎక్కడో ఆ ముక్క అంటుకుని వచ్చేసింది. మలినం ఎంతటివాళ్లనైనా వదలదు.

జెనెన్‌టెక్ వాళ్లు తెలివైన అడ్డదారి తొక్కారు. మనిషి కణం నుంచి జన్యువు తీయకుండా, వరుస ఎలాగూ తెలుసు కాబట్టి ఆ డీఎన్‌ఏను రసాయనాలతో కూర్చారు. సిటీ ఆఫ్ హోప్ అనే వైద్య సంస్థలో కెయిచి ఇటకురా, ఆర్థర్ రిగ్స్ ఆ పని చేశారు. కృత్రిమంగా కూర్చిన డీఎన్‌ఏకు ఆ కఠిన నిబంధనలు వర్తించలేదు. రెండో తెలివి ఇంకా ముచ్చటైనది. చిన్న ప్రొటీన్లను బ్యాక్టీరియా పరాయివిగా భావించి ముక్కలు చేసేస్తుంది. అందుకని ఇన్సులిన్ గొలుసును బ్యాక్టీరియా సొంత ప్రొటీన్ ఒకదాని తోకకు తగిలించారు. రెంటి మధ్యా మెథియొనీన్ అనే ఎమైనో ఆమ్లం ఒకటి పెట్టారు. సయనోజన్ బ్రోమైడ్ అనే రసాయనం మెథియొనీన్ ఉన్నచోటల్లా తెంపుతుంది. ఇన్సులిన్‌లో ఎక్కడా మెథియొనీన్ లేదు! కాబట్టి తోక తెగుతుంది, ఇన్సులిన్‌కు గీత కూడా పడదు. రెండు గొలుసులనూ విడివిడిగా రెండు బ్యాక్టీరియాల్లో పెంచి, 1978 ఆగస్టులో డేవిడ్ గోడెల్ వాటిని కలిపాడు. సెప్టెంబరు 6న ప్రపంచానికి ప్రకటించారు. 1982 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం హ్యుములిన్ పేరుతో దానికి అనుమతి ఇచ్చింది. రీకాంబినెంట్ పద్ధతిలో వచ్చిన మొట్టమొదటి మందు అదే.

కలిపాడు అని ఒక్క మాటలో చెప్పేశాం గానీ అసలు కష్టమంతా అక్కడే. ఇన్సులిన్‌లో గంధకం ఉన్న సిస్టీన్లు ఆరు. అవి రెండేసి చొప్పున జతకట్టి మూడు ముళ్లు వేసుకోవాలి. ఆరింటిని జతలు కట్టడానికి 15 మార్గాలున్నాయి, సరైనది ఒక్కటే. ఈ.కొలై అనే బ్యాక్టీరియాను బలవంతంగా ఒకే ప్రొటీన్ గుట్టలుగా తయారుచేయమంటే, మరుగుతున్న నీళ్లలో రవ్వ ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉప్మా ఉండకట్టినట్టు, ఆ ప్రొటీన్ కణం లోపల ఉండలు కట్టేస్తుంది. వరుస సరిగ్గానే ఉంటుంది, ముడతలు మాత్రం ఉండవలసినట్టు ఉండవు. ఆ ఉండలను గాఢమైన యూరియా వంటి వాటిలో కరిగించి, ముళ్లన్నీ విప్పి, నెమ్మదిగా పలచన చేస్తూ మళ్లీ సరిగా ముడుచుకునేలా చూడాలి. ఒక ప్రొటీన్‌కు కుదిరిన పద్ధతి మరొక దానికి కుదరదు. ఇది సగం శాస్త్రం, సగం చేతివాటం. ఈ.కొలై తర్వాత ఈస్టు వచ్చింది. అది ప్రొటీన్‌ను సరిగా ముడిచి బయటి ద్రవంలోకి వదులుతుంది, శుద్ధి సులువు. డెన్మార్క్‌లోని నోవో కంపెనీ ఈస్టునే ఎంచుకుంది.

మన దేశంలో ఈ విద్య తొలి ఫలం హైదరాబాదులో పండింది. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ చోటు తీసుకుని పనిచేసి, 1997లో హెపటైటిస్ బి టీకాను శాన్‌వాక్ పేరుతో విడుదల చేసింది. అదీ ఈస్టులో తయారైనదే. అప్పటిదాకా విదేశీ టీకా కొనలేకపోయిన కుటుంబాలకు అది అందుబాటు ధరలో దొరికింది. ఆ తర్వాత కొన్నేళ్లకు దేశంలోనే రీకాంబినెంట్ ఇన్సులిన్ కూడా తయారైంది. బెంగళూరులోని బయోకాన్ 2004లో తెచ్చిన ఇన్సులిన్‌కు పికియా అనే ఈస్టే ఆధారం.

పరిశోధకులకు దీనివల్ల ఒరిగిందేమిటి? ఎప్పుడు కొన్నా ఒకేలా ఉండే ఇన్సులిన్ దొరకడం మొదటి లాభం. అంతకంటే పెద్దది, జన్యువు చేతిలో ఉంది కాబట్టి ఇష్టమొచ్చిన చోట ఒక్కొక్క ఎమైనో ఆమ్లాన్నే మార్చి ఏమవుతుందో చూడగలగడం. ఏ అంగుళం గ్రాహకాన్ని పట్టుకుంటుంది, ఏది ఊరికే ఆధారంగా ఉంది అన్నది ఇలాగే తేలింది. 1985లో గ్రాహకం జన్యువు కూడా దొరికింది. ఇన్సులిన్ తగలగానే ఆ గ్రాహకం ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేటు తీసుకుని ముందు తనకు తానే అంటించుకుంటుంది, తర్వాత పక్క ప్రొటీన్లకు అంటిస్తుంది. కణం లోపలికి కబురు వెళ్లే దారి అదే. ఈ మాట వచ్చినప్పుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ఉండలేం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చిందీ, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఆ తర్వాత ఏటీపీనీ వేరుచేసినవారిలో ఒకరూ ఆయనే. జీవక్రియల మీద పనిచేసే ప్రతి ప్రయోగశాలా ఆయన వేసిన దారి మీదే నడుస్తోంది.

ఎమైనో ఆమ్లాలు మార్చే ఆట నుంచి మందులూ పుట్టాయి. రెండో గొలుసు చివర 28, 29 స్థానాల్లో ఉన్న ప్రోలీన్, లైసీన్‌లను అటూఇటూ చేస్తే ఇన్సులిన్ అణువులు గుంపు కట్టకుండా త్వరగా రక్తంలోకి వెళ్తాయి. 1996లో వచ్చిన లిస్‌ప్రో అదే, దాని పేరులోనే లైసీన్, ప్రోలీన్ ఉన్నాయి. ఆటలో దెబ్బలూ ఉన్నాయి. పదో స్థానంలో హిస్టిడీన్ తీసి ఆస్పార్టిక్ ఆమ్లం పెట్టిన మరో రకం గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుని చాలాసేపు వదలకుండా ఉండేది. బాగుందనుకున్నారు. దీర్ఘకాలం ఇచ్చిన ఆడ ఎలుకల్లో రొమ్ము కణితులు వచ్చాయి, ఆ రకాన్ని అక్కడితో ఆపేశారు. ఇన్సులిన్ కబురు ఎంత గట్టిగా చేరిందన్నదే కాదు, ఎంతసేపు మోగిందన్నదీ ముఖ్యమని ఆ ఎలుకలే నేర్పాయి.

రీకాంబినెంట్ ప్రొటీన్ అసలు సత్తా చూపింది లెప్టిన్ విషయంలో. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల ఉంది, ఎలుకల పెంపకానికి ప్రసిద్ధి. 1949లో అక్కడ కొన్ని చిట్టెలుకలు మామూలు వాటి కంటే విపరీతంగా లావెక్కడం గమనించారు. తర్వాత డగ్లస్ కోల్‌మన్ ఈ లావు ఎలుకకూ మామూలు ఎలుకకూ చర్మం కలిపి కుట్టి, రక్తం ఒకదాన్నుంచి మరొకదానికి పారేలా చేశాడు. లావు ఎలుక తిండి తగ్గించింది. అంటే దాని రక్తంలో లేని ఏదో పదార్థం పక్క ఎలుక రక్తం నుంచి వస్తోంది. ఆ పదార్థం ఏమిటో తెలియడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1994 డిసెంబరులో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకుంది.

జన్యువు దొరికినంత మాత్రాన రుజువు కాదు. ఆ ప్రొటీన్‌ను ఎక్కించి ఎలుక చిక్కిపోవడం కళ్లతో చూడాలి. రక్తంలో లెప్టిన్ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది, తోడి తీయడం కలలో మాట. బ్యాక్టీరియాకు అప్పగించారు. 1995 జూలైలో ఒకేసారి మూడు బృందాలు ఫలితాలు ప్రచురించాయి. రాక్‌ఫెల్లర్ వాళ్ల ఎలుకలు రెండు వారాల సూదులతో బరువులో 30 శాతం కోల్పోయాయి. గ్రాహకం చెడిపోయిన మరో జాతి లావు ఎలుకల్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. శాస్త్రంలో ఇంత శుభ్రంగా జవాబు దొరకడం అరుదు. ఆమ్‌జెన్ కంపెనీ ఈ హక్కుల కోసం అప్పటికే 2 కోట్ల డాలర్లు చెల్లించింది. ప్రపంచానికి ఊబకాయం పోతుందని పత్రికలు రాశాయి.

పోలేదు. లావుగా ఉన్నవారిలో చాలామందికి రక్తంలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే. శరీరం దాని మాట వినడం మానేసింది. మన హైదరాబాదులో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తనంతట తానే పుట్టిన లావు ఎలుకల జాతి ఒకటి ఉంది. వాటి రక్తంలోనూ లెప్టిన్, ఇన్సులిన్ రెండూ ఎక్కువగానే ఉంటాయి. అందుకే మనుషుల ఊబకాయాన్ని అర్థం చేసుకోవడానికి అవి మంచి నమూనా.

అయినా ఆ గొట్టంలోని లెప్టిన్ కొందరి జాతకం మార్చింది. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలు అతి కొద్దిమంది ఉంటారు. ఇంగ్లండు కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఓరాహిలీ, సదఫ్ ఫరూఖీ బృందం అలాంటి పిల్లల్ని 1997లో గుర్తించింది. వారిలో 9 ఏళ్ల అమ్మాయి బరువు 94 కిలోలు. ఎంత తిన్నా ఆకలి తీరదు. రోజూ రీకాంబినెంట్ లెప్టిన్ సూది ఇస్తే ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గింది. శరీరంలో కొవ్వు కణాలే లేకుండా పోయే అరుదైన జబ్బుకు 2014లో అమెరికాలో మెట్రెలెప్టిన్‌ను మందుగా అనుమతించారు.

ఇప్పుడు మోసపోయిన కథ. 2005లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక సంచలన వ్యాసం రాశారు. పొట్ట లోపలి కొవ్వు విస్ఫాటిన్ అనే ప్రొటీన్‌ను వదులుతుందనీ, అది ఇన్సులిన్ గ్రాహకాన్నే పట్టుకుని ఇన్సులిన్‌లా పనిచేస్తుందనీ దాని సారాంశం. ప్రపంచమంతా దాని వెనక పడింది. కొందరికి ఆ ఫలితం వచ్చింది, చాలామందికి రాలేదు. ఆరా తీస్తే, ఒక తయారీలోని విస్ఫాటిన్ ఒకలా, మరో తయారీలోది మరోలా ప్రవర్తిస్తోంది. 2007లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. విస్ఫాటిన్ అనే ప్రొటీన్ ఉన్న మాట నిజమే, అది కణాల్లో ముఖ్యమైన ఎంజైము కూడా. ఇన్సులిన్ గ్రాహకంతో దాని సంబంధమే నిలబడలేదు.

అన్ని పొరపాట్లూ ఇలా పత్రికకెక్కవు. వాటిలో ఎక్కువసార్లు తెరవెనక ఉండేది ఎండోటాక్సిన్. ఈ.కొలై ఒంటి పైపొరలో ఉండే కొవ్వు, చక్కెరలు కలిసి ఏర్పడిన పదార్థం అది. ప్రొటీన్ శుద్ధి చేసేటప్పుడు అంటుకుని వచ్చేస్తుంది, తొందరగా వదలదు. మన రోగనిరోధక కణాలకు దాని వాసన తగిలితే చాలు, శత్రువు వచ్చిందని టీఎన్‌ఎఫ్ వంటి పదార్థాలను కుమ్మరిస్తాయి. టీఎన్‌ఎఫ్‌కూ ఇన్సులిన్‌కూ పడదని, అది కొవ్వు కణాలను ఇన్సులిన్ మాట విననీయకుండా చేస్తుందని 1993 నుంచీ తెలుసు. ఇప్పుడు ఆలోచించండి. ఒక కొత్త ప్రొటీన్ కొన్నారు, కణాల మీద పోశారు, ఇన్సులిన్ పనిచేయడం మందగించింది. ఆ పని ప్రొటీన్ చేసిందా, వెంట వచ్చిన బ్యాక్టీరియా మలినం చేసిందా? హెచ్‌ఎస్‌పీ 70 అనే ప్రొటీన్ రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుందని ఎన్నో వ్యాసాలు వచ్చాక, మలినం తీసేసి చూస్తే ఆ రెచ్చగొట్టడం చాలావరకు మాయమైంది.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ప్రొటీన్‌ను మరిగిస్తే చెడిపోతుంది, ఎండోటాక్సిన్ చెక్కుచెదరదు. మరిగించిన తర్వాత కూడా అదే ఫలితం వస్తే నేరస్థుడు ఎవరో తెలిసిపోతుంది. కొలవాలంటే మరో చిత్రమైన సాధనం ఉంది. గుర్రపునాడా పీత అనే సముద్రజీవి నీలి రక్తం ఎండోటాక్సిన్ తగలగానే గడ్డకడుతుంది. ఆ పీతలు మన ఒడిశా తీరంలోనూ ఉన్నాయి. దశాబ్దాలుగా మందుల కంపెనీలు ఆ రక్తంతోనే పరీక్షిస్తున్నాయి. దాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ సి అనే ప్రొటీన్‌ను సింగపూర్ శాస్త్రవేత్తలు రీకాంబినెంట్ పద్ధతిలో తయారుచేయడంతో ఇప్పుడు పీతలకు కొంత ఊరట దొరుకుతోంది. రీకాంబినెంట్ ప్రొటీన్ల శుద్ధిని మరో రీకాంబినెంట్ ప్రొటీన్ తేల్చడమన్నమాట.

మలినం లేకున్నా చాలదు. కొన్ని ప్రొటీన్లకు శరీరం తయారీ తర్వాత చక్కెరలు అద్దుతుంది. ఎడిపోనెక్టిన్ అలాంటిదే, ఆ అద్దకం ఉంటేనే దాని అణువులు పెద్ద పెద్ద గుంపులు కడతాయి, ఆ గుంపులకే సత్తా ఎక్కువ. ఈ.కొలైకి ఆ విద్య రాదు. అందుకని ఖర్చయినా దాన్ని క్షీరదాల కణాల్లో పెంచుతారు. రెండు రకాల గొట్టాల మీదా ఎడిపోనెక్టిన్ అనే రాసి ఉంటుంది.

మోతాదు సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. పరగడుపున ఆరోగ్యవంతుడి రక్తంలో ఇన్సులిన్ 0.1 నానోమోలార్ కంటే తక్కువ. భోజనం చేశాక కొన్ని రెట్లు పెరుగుతుంది. ప్రయోగశాలలో కణాల మీద చాలామంది పోసేది 100 నానోమోలార్, వెయ్యి రెట్ల మాట! అంత పోస్తే ఇన్సులిన్ తన గ్రాహకాన్ని దాటి, పక్కింటి ఐజీఎఫ్ 1 గ్రాహకాన్ని కూడా తడుతుంది. మరి తక్కువ పోయవచ్చు కదా అంటే, పలచని ఇన్సులిన్ ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది, కణాల దాకా ఎంత చేరిందో చెప్పలేం. ఆల్బుమిన్ కలిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. కొంచెం శ్రమే. కానీ ఆ శ్రమ పడని ప్రయోగం ప్రయోగశాల పళ్లెంలో నిజమే గానీ మనిషిలో నిజమని నమ్మలేం.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ గొట్టాలు తెరిచే పరిశోధక విద్యార్థులు ఈ ప్రసంగం వింటుంటే వారికి ఒక మనవి. ఏ జీవిలో తయారైందో, ఏ లాట్ నంబరో, ఎండోటాక్సిన్ ఎంతో మీ వ్యాసంలో రాయండి. మరిగించిన ప్రొటీన్‌తో కూడా ఒకసారి ప్రయోగం చేసి చూడండి. ఫలితం మీ గైడుకు నచ్చకపోయినా సరే.

మిగతా శ్రోతలకు మరో మాట. ఈ మధ్య ఇంటర్నెట్‌లో బరువు తగ్గించే హార్మోన్లంటూ, పరిశోధనకు మాత్రమే అని చీటీ అంటించిన సీసాలను నేరుగా జనానికి అమ్ముతున్నారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ వీటి గురించి హెచ్చరికలు కూడా జారీ చేసింది. ఆ చీటీ అర్థం చాలా సూటి. మనిషి నరానికో చర్మానికో ఎక్కించే మందుకు చేసే పరీక్షలు ఆ సీసాలోని దానికి చేయలేదని. లోపల పేరున్న ప్రొటీనే ఉందో లేదో, సరిగా ముడుచుకుందో లేదో, ఎండోటాక్సిన్ ఎంతుందో కొన్నవారికి తెలిసే మార్గం లేదు. షుగరుకైనా, బరువుకైనా డాక్టరు రాసిచ్చిన మందునే, మందుల షాపులో బిల్లు తీసుకుని కొనండి. అలాంటి సీసా ఎవరైనా మీ చేతిలో పెడితే వాడకండి, ఇంట్లో వాళ్లను వాడనివ్వకండి.